కొక్కేనికి తగిలించిన పేరు

పోయిన వారం నన్ను రేడియేషన్ ఆఫీసు గుమ్మంలో, చేతిలో నోటీసుతో నిలబెట్టేసి మీరంతా మీ పనులు చూసుకున్నారు. నేను ఇంకా ఆ గుమ్మంలోనే ఉన్నాను. మధ్యలో వచ్చి చేరినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి జరిగింది గబగబా చెప్పేస్తాను. చెప్పిందే మళ్లీ చెప్పడమంటే నాకు ఒళ్లు మంట. కానీ అది తెలియకపోతే ఇవాళ నేనెందుకు అరిచానో మీకు అర్థం కాదు.

నేను డాక్టర్ని. మామూలు వైద్యం చదివి, దానిపైన ఇంకో చదువు చదివి, అదీ చాలక గుండె ఒక్కదాని కోసం మళ్లీ మూడేళ్ల ఫెలోషిప్‌లో చేరాను. రెండో ఏడు అయిపోవస్తోంది. సోమవారం మా క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రేలో చూస్తూ గుండె నాళాలు బాగుచేసే గదిలో, ఒక వడ్రంగికి మూసుకుపోయిన రక్తనాళం తెరుస్తుండగా, లోపలికి పంపిన సన్నటి తీగ నాళం గోడ దాటి బయటికి పొడుచుకుంది. గుండె చుట్టూ రక్తం చేరింది. సూదితో ఆ రక్తం లాగేసి మనిషిని దక్కించుకున్నారు. సాయంత్రం తయారైన రిపోర్టులో తీగ పట్టిన డాక్టరు ఎవరు అన్నచోట నా పేరుంది. బుధవారం మా విభాగాధిపతి, మేమంతా పెద్దాయన అని పిలిచే మనిషి, నాకు నోటీసు ఇచ్చారు. నా ఫెలోషిప్ ఎందుకు రద్దు చేయకూడదో శుక్రవారం సాయంత్రంలోగా రాసివ్వాలట.

ఇక్కడే వచ్చింది తిరకాసు. సోమవారం నేను ఆసుపత్రిలోనే లేను. అమ్మకి కంటి ఆపరేషన్ చేయిస్తూ ఊరికి ఆ చివర ఇంకో ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాను. సెలవు రాయలేదు. ‘ఒక్క పూటకి సెలవెందుకు తగలేస్తావ్, దాచుకో. ఇక్కడ నేను చూసుకుంటా, పో’ అని అక్క పంపించింది.

అక్క నా తోడబుట్టింది కాదు. నాకన్నా ఏడాది సీనియర్ ఫెలో. ఇద్దరు పిల్లల్ని కని, వాళ్లని బడిలో వేశాక, నలభైకి దగ్గర్లో ఈ చదువులోకి దిగిన మొండిమనిషి. నేను చేరిన కొత్తలో ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు యాప్రాన్ నా పాదాలమీద పడి నేల ఊడుస్తుంటే అందరూ నవ్వారు. అక్క ఒక్కతే స్టోరువాళ్లతో గంటసేపు పోట్లాడి నా కొలతకి సరిపోయేది తెప్పించింది. ఆ రోజు నుంచి నేను ఆమెకి ‘పొట్టీ’ని. ఇంకెవరన్నా ఆ మాటంటే పళ్లు రాలగొడతాను. వాళ్ల పిల్లలు నన్ను పిన్నీ అంటారు. మా అమ్మ అయితే ‘ఆ పిల్ల బంగారం’ అని రోజుకోసారైనా అనకుండా ఉండదు.

ఆ రిపోర్టు కింద ఆమోదం తెలిపింది కూడా అక్కే. పేరు చూసుకోకుండా నొక్కేసిందిలే అనుకున్నాను. నిన్నటిదాకా అదే అనుకున్నాను.

సరే, గుమ్మం దాటుదాం.

రేడియేషన్ ఆఫీసర్ని మేం మీటరు మాస్టారు అంటాం. రిటైరు కావడానికి రెండేళ్లున్న మనిషి. ల్యాబ్‌లో మేం వేసుకునే బ్యాడ్జీల లెక్కంతా ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరి ఒంటికి కిరణాలు ఎంత తగిలాయో ఆ బ్యాడ్జి క్షణక్షణానికీ కొలుస్తుంది. ఎవరి బ్యాడ్జి యంత్రం పక్కన ఉంటే వాళ్ల పేరు ల్యాబ్ తెరమీద కనిపిస్తుంది. ఆ లెక్కంతా ఈయన కంప్యూటర్లో భద్రంగా పడుంటుంది. మనిషికి ఏడాదికింత అని హద్దు ఉంది. అది దాటితే ఆ ఏడాదికి ల్యాబ్ తలుపు మూసుకున్నట్టే.

నా ధీమా అంతా ఆ లెక్కమీదే. సోమవారం నా బ్యాడ్జి కొక్కేనికి వేలాడుతూ ఉండుంటుంది, సున్నా చూపిస్తుంది, ఆ కాగితం తీసుకెళ్లి పెద్దాయన బల్లమీద పెడితే పీడా వదులుతుంది.

“రామ్మా రా, నేనే కబురు పెడదామనుకుంటున్నా,” అన్నారు మాస్టారు కళ్లద్దాలు సవరించుకుంటూ. “ఏంటమ్మా నీ దూకుడు? అంత ఇష్టమా యంత్రమంటే? పక్కలో పెట్టుకుని పడుకుంటున్నావా?”

“నా సోమవారం లెక్క కావాలి సార్.”

“సోమవారమే ఎందుకు, మొత్తం చూడు,” అని తెర నావైపు తిప్పారు. “ఇదిగో సోమవారం. పదకొండు ఇరవై నుంచి పన్నెండుంపావు దాకా. యంత్రానికి ఇంత దగ్గర. ఏడాది హద్దులో నూటికి తొంభై నాలుగు వంతులు అయిపోయింది నీకు. ఇంకో నాలుగు కేసులు చేశావంటే నేనే వచ్చి తలుపు మూస్తా.”

తెరమీద నా పేరు, దానికింద పుట్టల్లా లేచిన గీతలు. వేలు పెట్టి తేదీలు చూసుకుంటూ పోయాను. ఓపీలో ఉన్న రోజులు. వార్డు డ్యూటీ రోజులు. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న రోజు కూడా నేను ల్యాబ్‌లో నిలబడి ఉన్నాను. నాలుగు నెలలుగా నా పేరు నేను లేకుండానే తిరుగుతోంది.

“మీ సీనియర్ని చూసి నేర్చుకో,” అని మాస్టారు ఇంకో పేరు నొక్కి చూపించారు. అక్క లెక్క. మొదట్లో నిటారుగా ఎగబాకి, హద్దుకి ఒక్క మెట్టు కింద ఆగి, అక్కణ్ణుంచి నాలుగు నెలలు సున్నా. “చూశావా? పిల్లలున్న మనిషి, జాగ్రత్త తెలుసు. కిరణాలు తగలని గాజు గదిలో నిలబడి మీచేత చేయిస్తుంది. అనుభవమంటే అదీ.”

మా ల్యాబ్‌లో ఒక అలవాటుంది. హద్దు దగ్గరపడినవాళ్లు బ్యాడ్జి కొక్కేనికి తగిలించేసి వట్టి యాప్రాన్‌తో లోపలికి వెళ్తారు. అదీ అనుమానమొస్తుందనుకుంటే పక్కవాళ్లది పెట్టుకుంటారు. హద్దు దాటితే కేసులుండవు, కేసుల్లేకపోతే చదువు పూర్తికాదు. ఒళ్లు ఎలా పోయినా ఫరవాలేదు, కేసు పోకూడదు, అంతే మా బతుకు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. నేను మాత్రం తక్కువ తిన్నానా? నాలుగు నెలల కింద రెండు కేసులకి అక్క అడిగితే నా చేత్తో నేనే ఇచ్చాను. అది ఆ రెండుతోనే ఆగిందనుకున్నాను, పిచ్చిమొహాన్ని.

ఆ కాగితం ప్రింటు తీయించుకుని, ఎలా నడిచానో తెలీకుండా యాప్రాన్ల గదికి వచ్చి పడ్డాను.

అది ల్యాబ్ పక్కన ఇరుకు గది. గోడ పొడవునా కొక్కేలు, ఒక్కోదానికి ఒక్కో బరువైన యాప్రాన్, చెమట వాసన. అక్క అప్పుడే కేసు ముగించుకుని వచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. నన్ను చూడగానే నవ్వి వెనక్కి తిరిగింది.

“పొట్టీ, ఈ ముడి విప్పవే, చేయి అందట్లేదు. అమ్మకి మందు చుక్కలు వేశావా? పొద్దున నేనే ఫోన్ చేశా, నీళ్లు కారుతున్నాయంది. రుద్దుకోవద్దని చెప్పు.”

నా చేతులు అలవాటుకొద్దీ ముడి విప్పేశాయి. ఆ చేతుల్ని తిట్టుకున్నాను.

“అక్కా, నా బ్యాడ్జి ఎన్నిసార్లు తీసుకున్నావ్?”

ఏ బ్యాడ్జి అనలేదు. ఏం మాట్లాడుతున్నావే అనలేదు. యాప్రాన్ కొక్కేనికి తగిలించి, నెమ్మదిగా నావైపు తిరిగి, “ఎవరు చెప్పారు?” అంది.

ఆ ఒక్క ప్రశ్నకే నేను సగం చచ్చిపోయాను. అప్పటిదాకా లోపలెక్కడో ఒక మూల, ఇంకెవరో తీసుంటారు, అక్క అయ్యుండదు అని ఒక పిచ్చి ఆశ ఉండిపోయింది. నా చేతిలో కాగితం ఆమె చేతిలో పెట్టాను. చూసింది. మడతపెట్టి నాకే ఇచ్చేసింది.

“తలుపు వేయి.”

“వేయను. వినేవాళ్లు వినీ.”

తనే వెళ్లి వేసి వచ్చింది.

“సోమవారం తీగ నా చేతిలోనే ఉంది,” అంది. “మెత్తటి తీగ పోవట్లేదని గట్టిది తీసుకున్నా. దాటిపోయింది. దాటడం ఎవరికైనా జరుగుతుంది, నీకూ తెలుసు. ఆ తర్వాత గంటసేపు అతని ప్రాణం తప్ప నాకింకేం పట్టలేదు. ఒట్టు. టెక్నీషియన్ తెరమీద ఏ పేరుంటే ఆ పేరు ఎక్కించాడు. నీ బ్యాడ్జి నా మెడ దగ్గరుంది కాబట్టి నీ పేరొచ్చింది. నేను కావాలని చేసింది కాదే అది.”

“సాయంత్రం నొక్కావు కదా ఆమోదం! చూడకుండా నొక్కావా?”

ఆమె బెంచీమీద కూర్చుంది. చాలాసేపు గ్లవ్స్‌లో ఉండి నానిపోయిన వేళ్లవంకే చూసుకుంది.

“చూశా. నీ పేరు కొట్టేసి నా పేరు రాశా. పది నిమిషాలు అలాగే కూర్చున్నా. తర్వాత నా పేరు కొట్టేసి మళ్లీ నీది రాశా.”

ఇంత సూటిగా చెబుతుందనుకోలేదు. అబద్ధమాడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. తిట్టడానికి మాటలు దొరికేవి.

“ఎందుకక్కా?”

“వచ్చే నెల నాకిక్కడే ఉద్యోగం ఖాయం చేస్తున్నారు. పదకొండేళ్లు ఆగాను దానికోసం. ఇద్దర్ని కన్నాను, పెంచాను, మా అత్తగారి మంచం దగ్గర మూడేళ్లు కూర్చున్నాను. నీ వయసువాళ్ల పక్కన నిలబడి వాళ్లు తిట్టే తిట్లు తిన్నాను. ఇప్పుడు నా పేరుమీద ఇది పడితే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది. నాకు మళ్లీ రాదు. నీకు ముప్పై కూడా నిండలేదు, పొట్టీ. నీకింకా బోలెడు టైముంది.”

“నా టైము కాబట్టి నువ్వు వాడేసుకోవచ్చా? నా ఒంటిమీద తగలని కిరణాలు నా లెక్కలో, నా చేయి పట్టని తీగ నా రిపోర్టులో! ఇంకేం మిగిల్చావు నాకు? పోనీ అవతల గాజు గదిలో టెక్నీషియన్ ఉన్నాడు, లోపల నర్సు ఉంది. నేను నీ భుజం దాకా కూడా రాను! ఒక్కళ్లకీ కళ్లు లేవా ఆ గదిలో?”

“నన్ను కాదని ఎవరు చెప్తారు?” అంది. గొప్పగా అనలేదు. నిజం చెబుతున్నట్టే అంది. “పెద్దాయనకి కూడా తెలుసు. సోమవారం సాయంత్రమే వెళ్లి చెప్పా.”

నేను గోడకి ఆనుకున్నాను. ఎవరిదో యాప్రాన్ భుజానికి తగిలి ఊగింది. పెద్దాయన బుధవారం నోటీసు ఇస్తూ నా కళ్లలోకి చూసి, ‘నీ మీద ఎంతో నమ్మకం పెట్టుకున్నానమ్మా’ అన్నారు. అప్పుడు నేను సిగ్గుతో తల దించుకున్నాను కూడా. చేయని తప్పుకి సిగ్గుపడిన ఆ తలని ఇప్పుడు ఎక్కడ కొట్టుకోవాలి?

“ఆయనేమన్నారో విను,” అక్క గొంతు తగ్గించింది. “రద్దు మాట కాగితం వరకే. నువ్వు ఒప్పుకుంటూ రాసిస్తే మూడు నెలలు ల్యాబ్‌కి దూరంగా ఉంచి మళ్లీ తీసుకుంటారు. అంతే. నేను ఉద్యోగంలో చేరాక నీకు నేనే నేర్పుతా, నాకొచ్చిన పనంతా నీ చేతిలో పెడతా. అక్కగా మాటిస్తున్నా.”

కోటు జేబులోంచి ఒక కాగితం తీసింది. టైపు కొట్టి, కింద నా పేరు వేసి, సంతకానికి చోటు వదిలి, అంతా సిద్ధంగా ఉంది. నా తరఫున నేను రాయాల్సిన సంజాయిషీ ఆవిడే రాసి పెట్టింది. అనుభవం చాలక తొందరపడ్డానట. పర్యవేక్షించే సీనియర్ వారించినా వినలేదట. ఆ తర్వాతి వాక్యం చదివాక నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

“‘తల్లి కంటి ఆపరేషన్ గురించిన ఆందోళనలో మనసు నిలకడగా లేక’,” అని పైకి చదివాను. “ఇది రాసింది నువ్వేనా?”

“జాలి పడతారని...”

“మా అమ్మ కన్ను కూడా వాడుకున్నావటే?”

మొదటిసారి ఆమెని ‘టే’ అన్నాను. గది దద్దరిల్లేలా అన్నాను. “నీకు బంగారమని పేరుపెట్టింది మా అమ్మ! పొద్దున్న నువ్వు ఫోన్ చేసి చుక్కల గురించి చెబితే, నీళ్లు కారే కంటితో నీ పిల్లలకి అల్లుతున్న స్వెటరు ఎప్పుడు పూర్తిచేయాలా అని దిగులు పడింది. ఆవిడతో మాట్లాడుతున్నప్పుడు ఈ కాగితం నీ జేబులోనే ఉందా?”

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజం నీళ్లే. అదే నన్ను ఇంకా మండించింది. ఆమెకి నేనంటే ఇష్టం లేక కాదు, ఇష్టం ఉండే చేసింది. పరాయిదాన్నయితే ఇంత ధైర్యంగా నా గొంతు కోయగలిగేదా?

“నేను పెద్దాయన దగ్గరికి వెళ్లను,” అన్నాను. “ఆయన పైన ఆసుపత్రి కమిటీ ఉందిగా, అక్కడికే పోతా. ఈ లెక్కలన్నీ చూపిస్తా. అమ్మ ఆపరేషన్ కాగితాలమీద టైము వేసుంది, అదీ చూపిస్తా.”

ఆమె కళ్లు తుడుచుకుంది. లేచి నిలబడింది. నా కాలరు మడత సరిచేసింది, రోజూ చేసినట్టే.

“చూపించు. సోమవారం సెలవు రాయకుండా పోయావని నీ అంతట నువ్వే చెప్పినట్టవుతుంది. బ్యాడ్జి నువ్వే ఇచ్చావని కూడా తేలుతుంది. ‘నాది పెట్టుకో అక్కా, ఏం కాదులే’ అని నువ్వు పంపిన మెసేజ్ ఇంకా నా ఫోన్లోనే ఉంది. బ్యాడ్జి మార్చుకున్నవాళ్లకి మూడు నెలలు కాదు పొట్టీ, శాశ్వతంగా రద్దు. రూలు పుస్తకంలో ఉంది. నేను ఆ మెసేజ్ బయటికి తీయను. నాచేత తీయించకు.”

ఇంత మృదువుగా నన్నెవరూ ఎప్పుడూ బెదిరించలేదు. సంజాయిషీ కాగితం నా చేతిలోనే ఉండిపోయింది. చించుదామనుకున్నాను, వేళ్లు ఒప్పుకోలేదు. ఫెలోషిప్ పోతే నేనేమిటి? అమ్మకేం చెప్పను? పన్నెండేళ్ల చదువు ఒక కాగితంమీద వేలాడుతుంటే దాన్ని చించేంత వీరత్వం నాకు లేదని మీతో ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను.

పెద్దాయన గది నాలుగో అంతస్తులో. ఇవాళే శుక్రవారం, ఐదింటికి ఆఖరి గడువు. నాలుగు దాటింది. మూడో అంతస్తులో కాళ్లు ఆగిపోయి, వార్డు బయట వరండాలో బెంచీమీద కూలబడ్డాను. సంతకం పెడితే మూడు నెలలు. పెట్టకపోతే ఎప్పటికీ. పెన్ను తీశాను. నిజం చెబుతున్నా, మూత కూడా తీశాను.

“అమ్మా, డాక్టరమ్మా, కాస్త ఇది చదివి పెడతారా?”

పక్కన ఒకావిడ. యాభై ఉంటాయి. చేతిలో అట్టకి బిగించిన కాగితం, చెవి వెనక పెన్సిలు. ముక్కు తుడుచుకుంటూ సర్దుకుని కూర్చుంది.

“మావారిది. వడ్రంగి పని. ఆయన పెన్సిలే ఇది, దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందని పెట్టుకున్నా, నవ్వకండి. సోమవారం గుండెకి ఏదో చేయబోతే ఏదో అయింది. ఇవాళే ఐసీయూలోంచి ఇక్కడికి మార్చారు. ఆ నాళం ఇంకా మూసుకునే ఉందంట. మళ్లీ సోమవారం చేస్తారంట. సంతకం పెట్టమన్నారు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా.”

కాగితం నాకందించింది. అనుమతి పత్రం. చేయబోయే డాక్టరు పేరు అన్నచోట చక్కటి దస్తూరీలో అక్క పేరు రాసుంది.

“ఎవరు చేస్తారన్నారమ్మా?” అన్నాను.

“పొడుగ్గా ఉంటారే, ఆ పెద్ద డాక్టరమ్మ. మొన్న చేసిన చిన్నమ్మాయిని తీసేశారంటగా? నేర్చుకునే పిల్లంట, తొందరపడిందంట. ‘ఈసారి నేను చేస్తా, భయం లేదు’ అని పెద్దమ్మగారే వచ్చి నా చేయి పట్టుకుని చెప్పారు. ఆమె చేతిలో అయితే నాకు బెంగ లేదు. కాళ్లకి దండం పెట్టబోతే వద్దన్నారు, ఎంత మంచిమనిషో!” ఆవిడ కాగితంమీద సంతకం చేసే చోటు వెతుక్కుంది. “ఇక్కడేనా? ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించండమ్మా.”

నా ఒళ్లో ఒక కాగితం, ఆవిడ ఒళ్లో ఒక కాగితం. రెండింటిమీదా సంతకాలు పడితే ఈ ఆసుపత్రిలో అందరూ సుఖంగా నిద్రపోతారు. తీగ దాటడం అక్క నేరం కాదు. వచ్చే సోమవారం ఆమే చక్కగా చేసి గట్టెక్కించొచ్చు కూడా. కానీ ఈవిడ తన మొగుణ్ణి ఎవరి చేతిలో పెడుతోందో తెలియకుండా పెడుతోంది. ఆ దాపరికం మీద ఇప్పుడు నా పేరు కూడా రాయాలి.

వేలు పెట్టబోయాను. చేయి మొత్తం ఆ కాగితంమీద పరిచేశాను.

“ఆగండమ్మా. సంతకం పెట్టకండి.”

“ఏం, తప్పుందా ఇందులో?”

“మీరు చెప్పిన ఆ చిన్నమ్మాయిని నేనే.”

ఆవిడ బెంచీమీదే కాస్త వెనక్కి జరిగింది. కాగితం గుండెలకి అదుముకుంది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

“నా పేరే రాశారు రిపోర్టులో,” అన్నాను. “కానీ సోమవారం నేనసలు ఇక్కడ లేను. మా అమ్మ దగ్గరున్నాను. మీవారి గుండెలో తీగ పెట్టింది నేను కాదమ్మా.”

ఆవిడ నిజమెంతో అబద్ధమెంతో కొలతపెట్టినట్టు నా మొహంలోకి చూసింది.

“మరెవరు పెట్టారు?”

నేను నోరు తెరిచాను. అప్పుడే వరండా చివర లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. నన్ను వెతుక్కుంటూ వస్తోందేమో, అక్క గబగబా ఇటే నడిచి వస్తోంది. ఆమెని చూడగానే వడ్రంగి భార్య మొహం విచ్చుకుంది. కొండంత ధైర్యం వచ్చినదానిలా లేచి నిలబడి, నా చేయి గట్టిగా పట్టుకుంది.

“అదిగో, పెద్ద డాక్టరమ్మగారే వస్తున్నారు. పదండి, ఆవిణ్ణే అడుగుదాం.”